ఆపరేషన్ అయ్యాక అడిగేదెవరు?

ఇవాళ నేను మాట్లాడబోయేది మన ఇళ్ళల్లో నోరు విప్పి చెప్పుకోని సంగతి. రేడియో వినేవాళ్ళు ఎవరి వంటింట్లో వాళ్ళు, ఎవరి పొలంగట్టున వాళ్ళు ఒంటరిగా వినగలరు కాబట్టి సూటిగానే చెబుతాను. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, నీళ్ళ బిందె ఎత్తినా మూత్రం పడిపోయే బాధ గురించి, దానికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎలా ఉన్నారో కనుక్కోవడం గురించి మాట్లాడతాను. కనుక్కునే ఆ పనికి చేతిలోని ఫోను ఎంతవరకు అక్కరకొస్తుందో కూడా చూద్దాం.

ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ‘ఆరు వారాల తర్వాత చూపించుకోవాలి’ అని రాసిస్తారు. ఈ మధ్యలో ఆపరేషన్ చేయించుకున్న ఆమెకు ఏం జరిగిందో డాక్టరుకు తెలిసే దారి లేదు. ఆరు వారాల తర్వాత వచ్చిన మనిషిని ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగితే, ‘బాగానే ఉందండీ’ అంటుంది. పక్కన భర్త ఉంటాడు, వెనకాల అత్తగారుంటారు, బయట ఇంకా బోలెడంతమంది వరసలో కూర్చుని ఉంటారు. అందరి ముందూ ఇంకేం చెబుతుంది? తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడుగుతుంది: ‘మరేం లేదు డాక్టరుగారూ, రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోంది, ఇది మామూలేనా?’ స్త్రీల వైద్యంలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన అనుభవమే ఇది. అసలు విషయం తలుపు దగ్గరే బయటపడుతుంది. ఒక్కోసారి అక్కడా బయటపడదు.

ఫోనులోని యాప్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. మూడో రోజున, పదో రోజున, నెల తిరిగాక, ఎవరూ లేనప్పుడు, ఆమెను అది అడగగలదు. ఆమె సిగ్గుపడకుండా జవాబు చెప్పగలదు.

ముందు ఆపరేషన్ సంగతి కొంత చెప్పుకుందాం. మూత్రం ఆపుకోలేకపోవడంలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. పొట్ట మీద ఒత్తిడి పడినప్పుడు కారిపోయేది ఒకటి. ఉన్నట్టుండి ఆగలేనంత తొందర పుట్టి, బాత్‌రూమ్ చేరేలోపే పడిపోయేది రెండోది. కొందరికి రెండూ ఉంటాయి. ఇవాళ మనం మాట్లాడుకునే ఆపరేషన్ మొదటి రకానికి చేసేది. అది కూడా కటి కండరాల వ్యాయామాలు చేసి చూశాక. అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన ఆ వ్యాయామాలతోనే చాలామందికి ఆపరేషన్ దాకా వెళ్ళే అవసరం రాదు.

1990ల మధ్యలో స్వీడన్‌కు చెందిన ఉల్ఫ్ ఉల్మ్‌స్టెన్, ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ పెట్రోస్ ఒక పద్ధతి తయారు చేశారు. సన్నటి పాలీప్రొపిలీన్ జాలీ పట్టీని మూత్రనాళం కింద ఊయల కట్టినట్టు అమరుస్తారు. దగ్గినప్పుడు నాళం దాని మీద ఆనుకుని మూసుకుంటుంది. చిన్న కోత, అరగంట పని, ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. 2001లో ఫ్రాన్స్‌లో డెలార్మ్ అనే వైద్యుడు ఆ పట్టీని తొడ మొదట్లోంచి తీసుకెళ్ళే మార్గం చూపించాడు. జాలీ వద్దనుకునేవాళ్ళకు సొంత పొట్ట గోడ నుంచి తీసిన పట్టీ వేస్తారు. మగవాళ్ళ సంగతి వేరు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక కొందరికి మూత్రం నిలవదు. వాళ్ళకు కృత్రిమ కవాటం అమర్చే ఆపరేషన్ 1970ల నుంచీ ఉంది.

కోత చిన్నది కాబట్టి కోలుకోవడం కూడా చిన్న విషయమేనని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. మొదటి వారం, పది రోజులు కొద్దిగా ఎర్ర మరక కనిపించవచ్చు. ధార సన్నబడవచ్చు, మూత్రం పూర్తిగా రావడానికి ఎక్కువసేపు కూర్చోవాల్సి రావచ్చు. కొందరిని కొన్నాళ్ళపాటు మూత్రపు గొట్టంతోనే ఇంటికి పంపిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా బరువులెత్తకూడదంటారు. బరువంటే ఏమిటో మన ఇళ్ళల్లో విడమరిచి చెప్పాలి. నీళ్ళ బిందె బరువే, గ్యాస్ సిలిండరు బరువే, మనవణ్ణి చంకనెత్తుకోవడమూ బరువే, గ్రైండరు రాయి ఎత్తడమూ బరువే. మలబద్ధకం రానివ్వకూడదు, ముక్కితే ఆ ఒత్తిడంతా పట్టీ మీదే పడుతుంది. భార్యాభర్తల కలయికకు సుమారు ఆరు వారాలు ఆగాలి. ఈ మాట డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లీషులో ఉంటుంది, నోటితో ఎవరూ చెప్పరు. మంచి యాప్ వీటన్నిటినీ ఒకేసారి కుమ్మరించదు, ఏ వారానికి కావలసింది ఆ వారం చెబుతుంది.

మగవాళ్ళ కృత్రిమ కవాటంలో మరో తిరకాసు ఉంది. దాన్ని అమర్చిన వెంటనే పనిచేయించరు. లోపలి గాయం మానేందుకు దాదాపు ఆరు వారాలు ఆపి, ఆ తర్వాత డాక్టరే దాన్ని మొదలుపెడతారు. అంటే ఆ ఆరు వారాలూ మూత్రం ఇదివరకటిలాగే కారుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియని యాప్ ‘మీ పరిస్థితి మెరుగవలేదు’ అని రోజూ చూపిస్తే, ఆ పెద్దాయన ఆపరేషన్ చెడిపోయిందని కుంగిపోతాడు. ఏ ఆపరేషన్‌కు ఏ ప్రశ్న, ఏ రోజున అడగాలన్నది తెలిసినవాళ్ళు తయారు చేసిన యాప్ అయితేనే మేలు.

ఇంతకీ ఏం రాసుకోవాలి? ఫోన్లు రాకముందు నుంచీ వైద్యులు వాడే సాధనం ఒకటుంది, మూత్రం డైరీ. మూడు రోజులపాటు ఎన్నింటికి వెళ్ళారు, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చింది, మధ్యలో ఎప్పుడైనా పడిపోయిందా, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏం తాగారు, ఎంత తాగారు అన్నవి రాస్తారు. కొలతకు గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి చాలు. కాగితం మీద ఇదే డైరీ రాయమంటే చాలామంది డాక్టరు దగ్గరికి వచ్చే ముందురోజు రాత్రి కూర్చుని మూడు రోజులూ గుర్తున్నంతవరకు నింపేస్తారు. ఫోనులో అయితే వెళ్ళివచ్చిన వెంటనే నొక్కవచ్చు, టైము దానంతటదే పడుతుంది.

ఈ అంకెల్లో ఎంత సమాచారం ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. ఆపరేషన్ అయిన వారానికి ఒకామె, ‘మళ్ళీ కారుతోంది, ఆపరేషన్ ఫలించలేదు’ అని నమోదు చేసిందనుకుందాం. పడిపోయిందా లేదా అని మాత్రమే అడిగే యాప్ అక్కడితో ఆగిపోతుంది. కానీ ఆమె డైరీలో ప్రతి అరగంటకూ ఒకసారి వెళ్ళినట్టు, వెళ్ళిన ప్రతిసారీ 40, 50 మిల్లీలీటర్లే వచ్చినట్టు ఉంటే కథ మారిపోతుంది. ఆమెకు మూత్రం ఆగకపోవడం కాదు, పూర్తిగా బయటికి రాకపోవడం కష్టమై ఉండవచ్చు. పట్టీ కాస్త బిగువైతే మూత్రపు సంచి నిండిపోయి, పొంగి, చుక్కలు చుక్కలుగా కారుతుంది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, కానీ రెంటికీ చికిత్స పూర్తిగా వేరు. స్కానింగ్‌తో లోపల ఎంత మిగిలిందో వెంటనే చూడాలి, అవసరమైతే గొట్టం పెట్టి ఖాళీ చేయాలి. ఆరు వారాల దాకా ఆగితే సంచి కండరమే దెబ్బతినవచ్చు.

మరో రకం డైరీలో రోజుకు మూడున్నర లీటర్ల మూత్రం కనిపిస్తుంది. అక్కడ ముందు చూడాల్సింది షుగరు. అదుపు తప్పిన షుగరుతో మూత్రం పెరిగితే, తప్పు ఆపరేషన్ మీదకు నెట్టేస్తాం.

డైరీతో పాటు ప్రపంచమంతటా వాడే ఒక చిన్న ప్రశ్నావళి ఉంది. గత నాలుగు వారాల్లో ఎన్నిసార్లు పడిపోయింది, ఎంత పడిపోయింది, అది మీ రోజువారీ బతుకును ఎంత ఇబ్బంది పెడుతోంది అన్న మూడు ప్రశ్నలకు మార్కులు వేస్తారు. ఎప్పుడెప్పుడు పడుతోంది అన్న నాలుగో ప్రశ్నకు మార్కులుండవు. మొత్తం 0 నుంచి 21 వరకు. ఆపరేషన్‌కు ముందు 17 ఉన్న మనిషికి మూడు నెలలకు 3 అయితే సంతోషమే. మూడు నెలలకు 3 ఉండి, ఏడాదికి 10 అయితే ఏదో జరిగినట్టు. ముందరి అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం లేదు. కాబట్టి యాప్ వాడకం ఆపరేషన్‌కు ముందే మొదలవ్వాలి. తర్వాత మొదలుపెట్టామంటే సగం సమాచారం చేజారినట్టే.

ఇప్పుడు ఈ ప్రసంగానికి నన్ను పురికొల్పిన సంగతికి వస్తాను.

బ్రిటన్‌లో ఈ జాలీ పట్టీలు వేల సంఖ్యలో వేశారు. చాలామంది బాగుపడ్డారు, అది నిజం. కొందరికి ఆ జాలీ లోపలి పొరలను ఒరుసుకుని బయటికి వచ్చింది. కొందరికి గజ్జల్లో, తొడల్లో నొప్పి ఏళ్ళ తరబడి వదల్లేదు, కలయిక నరకమైంది, నడక కష్టమైంది. వాళ్ళు వైద్యుల దగ్గరికి వెళ్ళి చెప్పుకున్నారు. ‘అది ఆపరేషన్ వల్ల కాదు, మీ వయసుకు మామూలే’ అన్న జవాబు విన్నారు. చివరికి 2018 జూలైలో అక్కడ ఈ ఆపరేషన్లకు విరామం ప్రకటించారు. బారనెస్ కంబర్‌లెజ్ నాయకత్వంలో జరిగిన విచారణ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికలో నన్ను కదిలించింది రెండు సంగతులు. ఆడవాళ్ళు చెప్పిన మాటను వ్యవస్థ కొట్టిపారేసింది. ఎంతమందికి ఈ జాలీ వేశారో, వాళ్ళలో ఎంతమందికి ఏమైందో సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు. వేసిన ప్రతి పరికరం, ఆ మనిషి తర్వాతి పరిస్థితి నమోదయ్యే జాబితా ఉండాలని ఆ కమిటీ కోరింది.

అమెరికాలో కూడా జారిన కటి అవయవాలను నిలబెట్టడానికి యోని మార్గంలో వేసే జాలీల అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో ఆపించారు. అది వేరే ఆపరేషన్. మూత్రనాళం కింద వేసే పట్టీ అక్కడ ఇంకా వాడుకలోనే ఉంది. రెండింటినీ కలిపేసి, ఇప్పటికే పట్టీ వేయించుకుని హాయిగా ఉన్నవాళ్ళను భయపెట్టకూడదు.

నొప్పి మనిషికి మాత్రమే తెలుస్తుంది. ఎక్స్‌రేలో పడదు, రక్తపరీక్షలో రాదు. అడిగి, రాసి, లెక్క కడితేనే పదిమంది నొప్పి ఒక హెచ్చరికగా మారుతుంది. విడివిడిగా ఉన్నంతకాలం అది ఒక్కొక్కరి ఖర్మగానే మిగిలిపోతుంది. రోగుల మాటను అంకెగా పోగుచేయగలగడమే ఈ యాప్‌లలో నాకు కనిపించిన అతిపెద్ద విలువ.

అడగడం వల్ల నిజంగా లాభముందా అంటే, ఉందనడానికి దాఖలాలున్నాయి. కెనడాలోని టొరంటోలో రొమ్ము పునర్నిర్మాణ శస్త్రచికిత్స చేయించుకుని ఇంటికెళ్ళిన 65 మంది స్త్రీలపై ఒక పరిశీలన చేసి, 2017లో ప్రచురించారు. సగంమంది ఫోన్ యాప్‌లో గాయం ఫోటోలు, నొప్పి వివరాలు పంపారు, సగంమంది మామూలుగా ఆస్పత్రికి వచ్చారు. యాప్ వాడినవాళ్ళకు ఆస్పత్రి ప్రయాణాలు తగ్గాయి, సమస్యలేమీ పెరగలేదు. అదే 2017లో వచ్చిన న్యూయార్క్ క్యాన్సర్ ఆస్పత్రి ఫలితాలు ఇంకా గట్టివి. కీమోథెరపీ తీసుకుంటున్న 766 మందిలో, తమ బాధలను కంప్యూటరు ద్వారా ఎప్పటికప్పుడు తెలిపినవాళ్ళు, మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే సుమారు ఐదు నెలలు ఎక్కువ బతికారు. మందు మారలేదు. బాధ ముందే తెలిసింది, నర్సు ముందే స్పందించింది.

మన విషయానికి మరింత దగ్గరగా, స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం వాళ్ళు కటి కండరాల వ్యాయామాలు నేర్పే ‘టాట్’ అనే యాప్ తయారు చేశారు. 123 మంది స్త్రీలతో మూడు నెలలు పరీక్షిస్తే, దాన్ని వాడినవాళ్ళకు మూత్రం కారడం తగ్గింది, నేను ఇందాక చెప్పిన మార్కుల్లోనే ఆ తేడా కనిపించింది. అది ఆపరేషన్ తర్వాత చేసిన పరీక్ష కాదు. అయినా ఇంత గుట్టైన విషయంలో కూడా ఆడవాళ్ళు ఫోనుతో శ్రద్ధగా నడుచుకుంటారని అది రుజువు చేసింది.

ఇక మన నేల మీదికి రండి. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం మన రెండు రాష్ట్రాల్లోనే అధికం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ వయసువాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నారు, దేశం మొత్తం మీద చూస్తే 3 మందే. గర్భసంచి తీయించుకున్నవాళ్ళకు తర్వాతి కాలంలో మూత్రం కారడానికి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం రెట్టింపుకు పైగా ఉందని లక్షల మంది స్వీడిష్ స్త్రీల రికార్డులతో 2007లో ఒక అధ్యయనం తేల్చింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇది మన ఊళ్ళ సమస్య కాదని ఎలా అనగలం?

అదే సర్వే 2019-20లో మరో సంగతి చెప్పింది. తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సగానికి కాస్త తక్కువ, తెలంగాణలో నూటికి 60 మంది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్ళు ఆంధ్రలో నూటికి 21, తెలంగాణలో 26కు కాస్త పైన. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ నాట్లు వేసి, బీడీలు చుట్టి, ముగ్గురు నలుగురు పిల్లల్ని కన్న యాభై ఐదేళ్ళ మనిషి చేతిలో ఇవాళ్టికీ ఉన్నది బటన్ల ఫోను, లేదా కొడుకు ఫోను. ఆమెకు ఇంగ్లీషు యాప్ ఇచ్చి ‘నింపు’ అంటే అది ఆమె కోసం చేసింది కాదు. ఆమెకు కావలసింది తెలుగులో మాట్లాడి అడిగే ఫోన్ కాల్. ‘అమ్మా, ఇవాళ మూత్రం ధారగా వచ్చిందా? వస్తే ఒకటి నొక్కండి’ అనే గొంతు. ప్రశ్న కూడా ఆమె మాటల్లోనే ఉండాలి. వరంగల్ పల్లెలో ‘ఒంటేలుకు పోయినవా’ అంటారు, గుంటూరు జిల్లాలో ‘ఒంటికి వెళ్ళొచ్చారా’ అంటారు. ‘మూత్ర విసర్జన సంతృప్తికరంగా ఉన్నదా’ అన్న ప్రశ్నకు ఆమె ఏ జవాబు చెబుతుంది?

విదేశాల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. అమ్మకు ఆపరేషనైతే డాలస్‌లోనో, సిడ్నీలోనో కూర్చుని మీరే ఆమె ఫోన్‌లో యాప్ పెట్టిస్తారు, మంచిదే. కానీ వీడియో కాల్‌లో అడిగి ఆమె తరఫున మీరు నింపకండి. కొడుకుకు, అల్లుడికి చెప్పలేని సంగతులు ఆ ప్రశ్నల్లో ఉంటాయి. వాడటం నేర్పించి మీరు తప్పుకోండి.

గోప్యత సంగతి ఇంకా సున్నితమైంది. ఆడవాళ్ళ నెలసరి లెక్కలు ఉంచుకునే ‘ఫ్లో’ అనే యాప్ ఆ వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందని అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ ఆరోపించి, 2021లో ఆ సంస్థతో రాజీ ఒప్పందం చేసుకుంది. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. మీ అనుమతి లేకుండా మీ వివరాలు వాడుకోకూడదని, మీరు అనుమతి వెనక్కి తీసుకోవచ్చని ఆ చట్టం చెబుతుంది. కానీ ఊరికే దొరికే యాప్‌లో గుడ్డిగా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కితే చట్టం మాత్రం ఏం చేయగలదు? పైగా ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేదైతే గుట్టు ఇంట్లోనే రట్టవుతుంది. యాప్‌కు విడిగా తాళం సంఖ్య పెట్టుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. మీరు పంపింది ఎవరు చూస్తారు? రాత్రి పదకొండు గంటలకు మీరు ‘జ్వరం 101’ అని నమోదు చేస్తే, అటువైపు మేలుకుని ఉన్న మనిషి ఉన్నారా? ఎవరూ చూడని యాప్, యాప్ లేకపోవడం కంటే ప్రమాదకరం. చెప్పేశాను కదా అని మనిషి ధీమాగా పడుకుంటుంది. అందుకని కొన్ని లక్షణాలకు యాప్‌ను నమ్ముకోకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్ళండి. నాలుగైదు గంటలైనా మూత్రం రాక పొత్తికడుపు బిగుసుకుపోతే, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, గడ్డలుగా రక్తం పోతే, పిక్క వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే ఒక్క నిమిషం ఆలోచించకండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

నెలలు గడిచాక వచ్చే లక్షణాలు వేరు. చాన్నాళ్ళకు తెల్లబట్ట దుర్వాసనతో రావడం, మళ్ళీ మరకలు, కలయికలో ఆమెకో భర్తకో గుచ్చుకున్నట్టుండటం, గజ్జల్లో మానని నొప్పి, కొత్తగా మొదలైన ఆగలేని తొందర. ఇవి వయసు వల్ల వచ్చినవని ఎవరన్నా ఊరుకోకండి. పట్టీ వేయించుకున్నానని చెప్పి, పరీక్ష చేయమని అడగండి. ఆపరేషనైన ప్రతి స్త్రీనీ ఆరు నెలల్లోపు పిలిచి చూడాలని బ్రిటన్‌లో 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఆస్పత్రులు కూడా ఆ పని చేయాలి. ఏడాదికోసారి తెలుగులో ఒక కాల్, నాలుగు ప్రశ్నలు. ఖర్చు పెద్దదేమీ కాదు.

ఆపరేషన్‌కు వెళ్ళబోతున్న అమ్మలకు, అక్కలకు నా మనవి. చేరే ముందే మూడు సంగతులు అడగండి. నాకు వేస్తున్నది జాలీయా, సొంత పట్టీయా? దాని పేరు, నంబరు ఉన్న కాగితం నా చేతికి ఇస్తారా? ఇంటికెళ్ళాక నేను చెప్పేది వినడానికి ఏ నంబరు, ఏ మనిషి? మీ దగ్గర స్మార్ట్‌ఫోన్ లేకపోయినా దిగులు పడకండి. పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి, ఒక కొలత మగ్గు తీసుకుని, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు మూడు రోజులు రాయండి. రాయడం రాకపోతే వెళ్ళిన ప్రతిసారీ ఒక గీత గీయండి, పడిపోయినప్పుడు ఒక సున్నా చుట్టండి. ఆ పుస్తకం డాక్టరు బల్ల మీద పెట్టి, చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.